చీలమండ దగ్గర బాగున్న రీడింగు, వేలి దగ్గర లేని రక్తం: ఒక మధుమేహ పాదం కేస్ స్టడీ

ఈ రోగి మా విభాగానికి వచ్చేటప్పటికే ఆయన ఫైలులో మోకాలి కింద కాలు తొలగించాలన్న సలహా రెండు చోట్ల నుంచి రాసి ఉంది. అదే ఫైలులో కాలికి రక్తప్రసరణ సాధారణంగా ఉందని చెప్పే ఒక రిపోర్టు కూడా ఉంది. ఈ రెండు కాగితాలు పక్కపక్కనే ఉండటం మన ప్రాంతంలో అరుదేమీ కాదు. అందుకే ఈ కేసును వివరంగా రాయాలనుకున్నాను. రోగి ఎవరో తెలియకుండా వయసును, వృత్తిని, కుటుంబ వివరాలను కొంత మార్చాను. మా నిర్ణయాలను ప్రభావితం చేసిన వైద్యపరమైన అంశాలను మాత్రం ఉన్నవి ఉన్నట్లుగానే ఉంచాను.

నేపథ్యం

ఆయన అరవై దాటిన వరి రైతు. పదిహేనేళ్ళకు పైగా షుగర్, అంతకంటే ముందు నుంచే చుట్ట అలవాటు ఉన్నాయి. కొన్నేళ్ళ కిందట గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగింది. అప్పుడు రెండు కాళ్ళ నుంచీ సిరలు తీసి గుండెకు వాడారు. ప్రస్తుతం గుండె పంపింగ్ 35 శాతం. క్రియాటినిన్ 2.1 ఉంది, అంటే ఆయన వయసుకు లెక్కిస్తే మూత్రపిండాల వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 34 మిల్లీలీటర్లు. పాదాల్లో స్పర్శ చాలావరకు పోయింది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలుస్తుందా అని అడిగితే, ఇంటికి వెళ్ళాక చూసుకుంటే గానీ తెలియదని చెప్పారు. మధుమేహ రోగిని ఈ ఒక్క ప్రశ్న అడిగితే పాదం పరిస్థితి గురించి చాలా తెలుస్తుంది.

కుడి పాదం తిమ్మిరెక్కుతోందని ఇంట్లో ఉప్పు కాపడం పెట్టారు. స్పర్శ లేని చర్మానికి ఆ వేడి తెలియలేదు. బొటనవేలి మీద బొబ్బ లేచి చితికిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కొన్ని వారాలు హైడ్రోజన్ పెరాక్సైడుతో కడిగి కట్టు కట్టించుకున్నారు. బొటనవేలు నల్లబడి, పాదం పైభాగం వాచి, జ్వరం వచ్చాక పట్నంలో ఆసుపత్రులకు వెళ్ళారు. కాలు తీసేయాలన్న మాట వినగానే కుటుంబం రెండుగా చీలింది. ప్రాణం దక్కితే చాలునని కొడుకులు, కాలు లేకుండా గట్టు మీద ఎలా నడుస్తానని ఆయన.

వచ్చినప్పటి పరిస్థితి

బొటనవేలు పూర్తిగా నల్లబడి ఉంది, దాని మొదట్లో ఎముక కనిపిస్తోంది. పాదం పైభాగాన ఎరుపు, వాపు ఉన్నాయి, నొక్కితే చీము వస్తోంది. జ్వరంతో పాటు నాడి వేగంగా ఉంది, తెల్ల రక్తకణాలు పెరిగాయి. పాదంలో ఏ నాడీ చేతికి తగలడం లేదు, తొడ మొదట్లో మాత్రం బాగానే తగులుతోంది.

ఫైలులో ఉన్న ఏబీఐ, అంటే చీలమండ దగ్గరి రక్తపోటుకు చేతి రక్తపోటుతో నిష్పత్తి, 1.32. పుస్తకం ప్రకారం 1.0 నుంచి 1.4 వరకు సాధారణం, 0.9 లేదా అంతకంటే తక్కువైతే ధమనుల వ్యాధి. ఈ లెక్కన ఆయన ధమనులకు ఏ జబ్బూ లేనట్టే. అయితే చాలాకాలంగా షుగర్ ఉన్నవారిలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మోకాలి కింది ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. అలాంటి ధమనిని కఫ్ సరిగా నొక్కలేదు. అందుకే లోపల రక్తం పారకపోయినా రీడింగు ఎక్కువగానే వస్తుంది. కాలివేళ్ళలోని సన్నని ధమనులకు ఈ సమస్య చాలా తక్కువ. బొటనవేలికి కఫ్ కట్టే వీలు లేదు కాబట్టి రెండో వేలికి చిన్న కఫ్ కట్టి కొలిచాం. వేలి రక్తపోటు 22 మిల్లీమీటర్లు వచ్చింది. అదే సమయంలో చేతి రక్తపోటు 136. వేలి దగ్గర 30 కంటే తక్కువ ఉంటే పుండు తనంతట తాను మానే అవకాశం చాలా తక్కువ.

పుండు లోతు, రక్తలేమి (పాదానికి రక్తం అందకపోవడం), ఇన్‌ఫెక్షన్ అనే మూడింటికీ సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసే విఫై పద్ధతిని 2014 నుంచి వాస్కులర్ (రక్తనాళాల) వైద్యులు వాడుతున్నారు. ఆ లెక్కన ఈ పాదానికి పుండు 2, రక్తలేమి 3, ఇన్‌ఫెక్షన్ 3. కాలు కోల్పోయే ప్రమాదంలో ఇది చివరి దశ. కాలు తీసేయాలని చెప్పినవారి ఆందోళనలో అర్థం ఉంది. ఆ సలహాకు ముందు పాదంలోకి రక్తం ఎంత చేరుతోందో ఎవరూ కొలవలేదు, ధమనులను చిత్రంగా చూపే యాంజియోగ్రామ్ గురించి ఎవరూ చర్చించలేదు. అవి లేకుండా ఆ సలహాను చివరి మాటగా తీసుకోలేం.

ముందు చీము, తరువాత రక్తం

రక్తప్రసరణ సరిచేయకుండా పాదం మీద కత్తి పెట్టకూడదని సాధారణంగా చెబుతాం, ఎందుకంటే రక్తం లేని చోట కోసిన గాయం కూడా మానదు. పొడిగా నల్లబడిన వేలు విషయంలో ఈ నియమం సరైనదే. చీము నిండిన పాదానికి మాత్రం ఇది వర్తించదు. స్నాయువుల తొడుగుల వెంట చీము కొన్ని గంటల్లోనే అరికాలి లోతుల్లోకి పాకగలదు, అప్పుడు ధమని తెరిచినా కాపాడటానికి పాదం మిగలదు. అందుకే మా వాస్కులర్ సర్జన్ అదే రాత్రి పాదం పైభాగాన కోత పెట్టి చీమును బయటకు వదిలారు. కుళ్ళిన కణజాలాన్ని మాత్రమే తీసి, వేలిని అలాగే ఉంచారు. వేలు ఎంతవరకు తీయాలన్నది రక్తం వచ్చాక తేలాల్సిన విషయం. మూత్రపిండాల స్థితికి తగిన మోతాదులో యాంటీబయాటిక్, ఇన్సులిన్ మొదలుపెట్టాం, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాం.

ఆయన వాడుతున్న మందుల్లో సిలోస్టజాల్ కూడా ఉంది. నడిస్తే పిక్కలు పట్టేసే రోగులకు ఇది కొంత ఉపయోగపడుతుంది. గుండె వైఫల్యం ఉన్నవారికి మాత్రం ఇది నిషిద్ధం. పంపింగ్ 35 శాతం ఉన్న మనిషికి దీన్ని కొనసాగించే ప్రశ్నే లేదు, వెంటనే ఆపాం. కాలి ధమనుల జబ్బు అనగానే ఈ మందు అలవాటుగా రాసే చోట్ల, గుండె పంపింగ్ ఎంతో చెప్పే ఎకో రిపోర్టు ఒకసారి చూడాలని నా విన్నపం.

బైపాసా, బెలూనా

పాదానికి రక్తం చేర్చడానికి రెండు దారులున్నాయి: సిరతో మూసుకున్న ధమనికి పక్కదారి వేసే బైపాస్ ఆపరేషన్, లేదా సన్నని వైర్ మీద బెలూన్ పంపి ధమనిని లోపలి నుంచి తెరవడం. మా దగ్గర వాస్కులర్ సర్జన్లు, తెరమీద చిత్రాలు చూస్తూ సూది, వైర్లతో చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు కలిసి కూర్చుని ఇలాంటి ప్రతి కేసునూ చర్చిస్తారు. నేను బెలూన్ పని చేసే వైద్యుణ్ణి కాబట్టి నా మొగ్గు అటువైపే ఉంటుందని పాఠకులు అనుకోవచ్చు. అందుకే ఆ రోజు చర్చకు వచ్చిన ఆధారాలను ఇక్కడ చెబుతాను.

2022లో వెలువడిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనంలో 1,830 మంది రోగులున్నారు. కాలిలో వాడదగిన మంచి పొడవాటి సిర ఉన్నవారికి బైపాస్ ఆపరేషనే మేలని అందులో స్పష్టంగా తేలింది. అలాంటి సిర లేనివారిలో రెండు పద్ధతుల ఫలితాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది వచ్చిన బాసిల్-2 అధ్యయనం 345 మందితో, మోకాలి కింది ధమనులకు చికిత్స అవసరమైన రోగుల మీద జరిగింది. అందులో ముందుగా బెలూన్ చికిత్స పొందినవారే కాలు పోకుండా ప్రాణంతో ఎక్కువగా మిగిలారు. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించవచ్చు. ఎదుట ఉన్న రోగికి ఏ అధ్యయనంలోని ఏ గుంపు దగ్గరగా ఉందో చూస్తే ఆ వైరుధ్యం చాలావరకు తగ్గుతుంది. ఈ రోగికి అల్ట్రాసౌండ్‌లో వెతికితే రెండు కాళ్ళలోనూ బైపాస్‌కు సరిపడా సిర మిగిలి లేదు. గుండె పరిస్థితి వల్ల మత్తు ప్రమాదం ఎక్కువ. సిర బదులు కృత్రిమ గొట్టాన్ని చీము పట్టిన పాదం దాకా తీసుకెళ్ళడం ప్రమాదకరం. అందువల్ల బెలూన్ చికిత్సకే నిర్ణయించాం. సర్జన్ కూడా అదే అన్నారు. సిర ఉండి, గుండె బాగున్న రోగి అయితే మేము బహుశా ఆపరేషన్ వైపే వెళ్ళేవాళ్ళం.

ఆ తరువాతి ప్రశ్న సీటీ యాంజియోగ్రామ్. కుటుంబం దాన్ని చేయించుకురావడానికి సిద్ధంగా ఉంది. మేము వద్దన్నాం. దానికి, రక్తనాళాలు చిత్రంలో కనిపించేలా చేసే అయోడిన్ మందు సుమారు వంద మిల్లీలీటర్లు అవసరమవుతుంది. అంత మందు ఎక్కించినా, కాల్షియం పట్టిన సన్నని ధమనులు సీటీలో తెల్లటి గీతల్లా మెరిసి, లోపల దారి ఉందో లేదో చెప్పనివ్వవు. మూత్రపిండాలు భరించగల ఆ కొద్ది మందునూ చికిత్సకే దాచుకోవాలి. రక్తప్రవాహాన్ని అల్ట్రాసౌండ్‌తో చూసే డాప్లర్ పరీక్షలో తొడ ధమని తెరిచే ఉందని, మోకాలి కింది మూడు ధమనుల్లోనూ జబ్బు ఉందని తెలిసింది. పథకం వేసుకోవడానికి అది చాలు.

ఒకే సిట్టింగులో పని పూర్తి కాకపోవచ్చని, బొటనవేలు ఎలాగూ దక్కదని, ప్రయత్నం విఫలమైతే మోకాలి కింద తీసివేయడమే మిగులుతుందని కుటుంబానికి ముందే చెప్పాం. ఖర్చు గురించి కూడా ఆ రోజే మాట్లాడాం, ఎందుకంటే రెండో సిట్టింగు మాట మొదటిది అయ్యాక చెబితే నమ్మకం దెబ్బతింటుంది.

మొదటి సిట్టింగు

చీము వదిలాక మూడో రోజుకు జ్వరం తగ్గింది. స్థానిక మత్తుతో, అల్ట్రాసౌండ్ చూస్తూ, కుడి తొడ ధమనిని పాదం దిశగా పొడిచి షీత్ (పరికరాలు లోపలికి పంపే గొట్టం) పెట్టాం. ఎదుటి తొడ నుంచి వచ్చే దారి కంటే ఇలా నేరుగా దిగితే మోకాలి కింద వైర్ మీద పట్టు ఎక్కువగా ఉంటుంది, వాడే మందూ తగ్గుతుంది. తొడ భాగాన్ని, అయోడిన్ బదులు ధమనిలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపి చూశాం. మోకాలి కింద ఆ వాయువుతో చిత్రం స్పష్టంగా రాదు కాబట్టి అక్కడ మాత్రం పలుచన చేసిన అయోడిన్ మందు వాడాం. వడపోత సామర్థ్యం సంఖ్య ఎంత ఉందో అంతకు మించి మిల్లీలీటర్లు వాడకూడదని ముందే గీత గీసుకున్నాం.

ఆ మూడింటిలో ముందువైపున్న యాంటీరియర్ టిబియల్ ధమని పుట్టిన చోటే పూర్తిగా మూసుకుపోయి, చీలమండ దగ్గర పాదం పైభాగపు ధమని అయిన డోర్సాలిస్ పీడిస్‌గా సన్నగా మళ్ళీ కనిపించింది. వెనుకవైపున్న పోస్టీరియర్ టిబియల్ చివరిదాకా ఎక్కడా కనిపించలేదు. మధ్యలోని పెరోనియల్ ఒక్కటే పాదం వైపు రక్తం పంపుతోంది, అదీ రెండు చోట్ల బాగా ఇరుకుగా.

పాదంలోని ఒక్కో భాగానికి ఒక్కో ధమని నుంచి రక్తం వెళ్తుందన్న యాంజియోసోమ్ భావనను టేలర్, పామర్ 1987లో ప్రతిపాదించారు. ఆ లెక్కన ఈ పుండున్న భాగం యాంటీరియర్ టిబియల్‌ది. అందుకే ముందు దాన్నే తెరవడానికి ప్రయత్నించాం. ధమని మొదలు నున్నగా మూసుకుపోయి ఉండటంతో వైర్‌కు పట్టు చిక్కలేదు. పక్కనే ఉన్న చిన్న శాఖలోకి మళ్ళీ మళ్ళీ జారిపోయింది. వైర్లు మార్చాం, కాథెటర్ (వైర్‌కు దారి చూపే సన్నని గొట్టం) కోణం మార్చాం, ఫలితం లేదు. అయోడిన్ మందు పరిమితి దగ్గరపడింది. పట్టుబట్టి బలంగా తోస్తే ఆ చిన్న శాఖ చిరగవచ్చు, అప్పుడు పాదాన్ని ఇప్పటిదాకా బతికిస్తున్న పక్కదారి కూడా పోతుంది. పెరోనియల్‌లోని ఇరుకులను బెలూన్‌తో తెరిచి ఆ రోజుకు ఆపేశాం.

తెరమీద చిత్రం చాలా మెరుగ్గా కనిపించింది. చీలమండ దాకా రక్తం వేగంగా దిగుతోంది. పక్కదారుల ద్వారా అది ముందు పాదానికీ చేరవచ్చని ఆశించడంలో తప్పులేదు, కొందరు రోగుల్లో అంతమాత్రంతోనే పుండు మానుతుంది. వేలి రక్తపోటు స్థిరపడటానికి కొన్ని రోజులు ఇచ్చి, పుండును రోజూ చూశాం.

వారం దాటాక వేలి రక్తపోటు 31. పుండు అడుగు పాలిపోయి ఉంది, ఎర్రటి కొత్త కండ ఎక్కడా కనిపించడం లేదు, రెండో వేలి కొస నీలంగా మారుతోంది. యాంజియోగ్రామ్ బాగుంది కదా, ఇంకా ఆగి చూద్దామన్న అభిప్రాయం కూడా మా చర్చలో వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మేము చికిత్స చేస్తున్నది పుండుకు, అది మాత్రం కదలడం లేదు. రోగి ఇదెలా సాధ్యమని అడిగితే ఆయనకు తెలిసిన విషయంతోనే చెప్పాను: పెద్ద కాలువకు నీళ్ళు వదిలారు, చివరి ఆయకట్టు మడికి మాత్రం ఎక్కలేదు, ఆ మడికి వెళ్ళే పిల్లకాలువ వేరే ఉంది, దాన్ని తవ్వాలి. ఆయన వెంటనే రెండో సిట్టింగుకు ఒప్పుకున్నారు.

రెండో సిట్టింగు

పైనుంచి దారి దొరకనప్పుడు పాదం నుంచి పైకి వెళ్ళడం ఒక మార్గం. దీన్ని మొదటి రోజే ఎందుకు చేయలేదని అడగవచ్చు. డోర్సాలిస్ పీడిస్ ఆ ముందు పాదానికి మిగిలిన ఒకే ఒక ధమని, దాన్ని సూదితో పొడిస్తే ముడుచుకుపోవచ్చు, లోపల రక్తం గడ్డకట్టవచ్చు. పైగా మొదటి రోజు పాదం మీద వాపు, చీము ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్ ఉన్న చర్మం గుండా ధమనిలోకి సూది దించడం తగదు. ఇప్పుడు వాపు తగ్గింది, కోత పెట్టిన చోటుకు దూరంగా చీలమండ ముందు శుభ్రమైన చర్మం ఉంది, ఏమీ చేయకపోతే కాలు పోవడం ఖాయమని కూడా తేలింది. ప్రమాదం అప్పుడూ ఇప్పుడూ ఒకటే అయినా, దాన్ని భరించడానికి ఇప్పుడు తగిన కారణం ఉంది.

క్రియాటినిన్ తిరిగి పాత స్థాయిలోనే ఉందని నిర్ధారించుకుని ముందుకు వెళ్ళాం. పైన తొడ నుంచి కాథెటర్‌ను మోకాలి కింద ఉంచి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 21 గేజి సూదితో డోర్సాలిస్ పీడిస్‌ను పొడిచాం. ధమని ముడుచుకోకుండా కొద్దిగా నైట్రోగ్లిజరిన్ ఇచ్చాం. షీత్ పెడితే ఆ సన్నని ధమని పూర్తిగా నిండిపోతుంది కాబట్టి షీత్ లేకుండానే సన్నని సపోర్ట్ కాథెటర్‌తో 0.018 అంగుళాల వైర్‌ను పైకి నడిపాం. అడుగు నుంచి చూస్తే మూసుకున్న భాగపు కొస మెత్తగా ఉంది, వైర్ పైదాకా వెళ్ళింది. పైన ఉన్న కాథెటర్ మూతిలోకి దాన్ని దూర్చి తొడ దగ్గర బయటకు తీశాం. ఇక మిగతా పనంతా పైనుంచే. రెండున్నర మిల్లీమీటర్ల పొడవాటి బెలూన్‌తో ధమని పొడవునా, ఒక్కోచోట కొన్ని నిమిషాల పాటు ఉబ్బించి తెరిచాం. పాదంలో సూది గుచ్చిన చోట రక్తం ఆగడానికి ధమని లోపల బెలూన్‌ను తక్కువ ఒత్తిడితో నిలిపి, బయట వేలితో తేలికగా నొక్కాం. గట్టిగా నొక్కితే అప్పుడే తెరిచిన ధమని మళ్ళీ మూసుకోవచ్చు.

ధమనిని తెరిచి ఉంచే జాలీ గొట్టం, అంటే స్టెంట్, వేయలేదు. చీలమండ కదులుతున్నప్పుడు మామూలు లోహపు స్టెంట్ అక్కడ నలిగిపోతుంది. ధమని మళ్ళీ ఇరుకవకుండా మందు పూసిన బెలూన్ కూడా వాడలేదు. తొడ ధమనుల్లో వాటి మేలు బాగా రుజువైనా మోకాలి కింద ఫలితాలు అలా లేవు. 2014 నాటి ఇన్‌పాక్ట్ డీప్ అధ్యయనం మామూలు బెలూన్ కంటే మేలు చూపలేకపోయింది. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన ఒక పరికరాన్ని ఎంచుకోవడం రోగికి న్యాయం కాదు.

వేలి రక్తపోటు 56కు చేరింది. కొన్ని రోజులకు నల్లబడిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య గీత స్పష్టంగా ఏర్పడింది. అప్పుడు సర్జన్ బొటనవేలిని, దాని వెనుక ఇన్‌ఫెక్షన్ సోకిన ఎముక కొనను తీశారు. కోసిన అంచుల నుంచి ఎర్రని రక్తం వచ్చింది. గాయాన్ని కుట్టకుండా వదిలి, స్రావాన్ని పీల్చేసే నెగటివ్ ప్రెషర్ డ్రెస్సింగ్ పెట్టారు. రెండో వేలి కొస మళ్ళీ మామూలు రంగుకు వచ్చింది. సుమారు మూడు నెలల్లో గాయం పూర్తిగా పూడింది.

ఆ మూడు నెలల్లో మా ఇంటర్వెన్షన్ కంటే ఎక్కువ పని చేసినవారు డ్రెస్సింగ్ నర్సు, ఆయన భార్య. పాదం మీద బరువు పడకుండా చూడటం, షుగర్ అదుపు, చుట్ట మానిపించడం వారి చేతుల మీదుగా జరిగాయి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ ఇచ్చాం. ఇలాంటి రోగులకు ఆస్పిరిన్‌తో పాటు రోజుకు రెండుసార్లు 2.5 మిల్లీగ్రాముల రివరాక్సబాన్ (ఇదీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేదే) మేలు చేస్తుందని 2020లో వాయేజర్ అధ్యయనం చూపింది. ఈయనకు రక్తహీనత, మూత్రపిండాల జబ్బు ఉండటంతో రక్తస్రావ భయం వల్ల దాన్ని మొదలుపెట్టలేదు.

ధమని మళ్ళీ మూసుకున్నప్పుడు

ఐదో నెల డాప్లర్‌లో యాంటీరియర్ టిబియల్ మధ్యలో తిరిగి మూసుకుపోయింది. మోకాలి కింద బెలూన్‌తో తెరిచిన పొడవాటి ధమనులు నెలల్లోనే మళ్ళీ ఇరుకవడం సాధారణం, ఈ చికిత్సకున్న అసలు బలహీనత అదే. పెరోనియల్ తెరిచే ఉంది. వేలి రక్తపోటు 42. చర్మం ఎక్కడా చెదరలేదు, విశ్రాంతిలో నొప్పి లేదు. రిపోర్టు చూసి కుటుంబం కంగారుపడి, మళ్ళీ తెరవమని అడిగింది.

తెరవలేదు. పుండు మానడానికి కావలసిన రక్తం, మానిన చర్మం నిలబడటానికి కావలసిన రక్తం కంటే చాలా ఎక్కువ. ఆ అదనపు రక్తం కావలసిన కాలమంతా ధమని తెరిచి ఉంది, దాని పని అది చేసింది. ఇప్పుడు మళ్ళీ వైర్ పంపితే మూత్రపిండాలకు మందు భారం, పాదం ధమనికి గాయం తప్ప రోగికి కలిసొచ్చేదేమీ లేదు. కొత్త పుండు వస్తే, లేదా వేలి రక్తపోటు 30కి దిగితే అప్పుడు ఆలోచిద్దామని చెప్పి, మెత్తటి అడుగుండే ఎంసీఆర్ చెప్పులు రాయించి, మూడు నెలలకోసారి రెండు పాదాలూ చూపించుకోమన్నాం. ఇది రాసేనాటికి ఆయన ఆ చెప్పులతోనే గట్ల మీద తిరుగుతున్నారు.

ఈ కేసు నుంచి తీసుకోవలసినవి

1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ ఈ తరహా చికిత్సను మొదటిసారి చేసింది, వేళ్ళు కుళ్ళి, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ళ వృద్ధురాలికి. ఆరు దశాబ్దాలు గడిచినా మన దగ్గర ఎందరో రోగులకు ఆ అవకాశం గురించి కాలు తీసేశాక తెలుస్తోంది. పరికరాలు ఉన్న ఊళ్ళలో కూడా ఇలా జరుగుతోంది, అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. కారణం చాలాసార్లు ఏబీఐ రిపోర్టులోని ఆ ఒక్క సంఖ్య. మధుమేహ రోగి పాదం మీద పుండు ఉండి, ఏబీఐ సాధారణంగా వస్తే దాన్ని నమ్మకండి, వేలి రక్తపోటు కొలవండి. కొలిచే యంత్రం లేకపోతే చేతి డాప్లర్‌తో పాదం దగ్గర శబ్దం వినండి. ఆరోగ్యమైన ధమనిలో అది రెండు మూడు దశల్లో చురుగ్గా వినిపిస్తుంది, మూసుకుపోయిన ధమని కింద ఒకే మందమైన హోరుగా ఉంటుంది.

ప్రతి కాలునూ కాపాడగలమని నేను చెప్పడం లేదు. పాదం మొత్తం కుళ్ళినప్పుడు, ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఏళ్ళుగా మంచం దిగని రోగి విషయంలో కాలు తీయడమే సరైన వైద్యం. ఆ నిర్ణయానికి ఆలస్యం చేయడం కూడా హానికరమే.

ఇలాంటి రోగిని పంపే వైద్యులకు ఒక మాట. పాదం ఫోటో, తాజా క్రియాటినిన్, ఎకో రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, గుండె బైపాస్ జరిగి ఉంటే సిర ఏ కాలి నుంచి తీశారన్న వివరం పంపితే చాలు. సీటీ యాంజియోగ్రామ్ కోసం ఆపకండి. చీము ఉంటే కోసి వదిలి, అదే రోజు పంపండి.